కలిపే మందు

“టీవీ సప్పుడు తగ్గియ్యమని మా అవ్వకు చెప్పు” అన్నాడు మహేందర్. అతడి తల్లి సత్యవ్వ జానెడు దూరంలోనే కూర్చుని ఉంది. “చెవులల్ల దూది పెట్టుకొమ్మని నీ మొగనికి చెప్పు” అంది ఆమె. అన్నం గిన్నెతో మధ్యలో నిలబడ్డ సంగీత రెండూ చెప్పింది. చెప్పిన తీరు బాగాలేదని ఇద్దరూ ఆమెనే తిట్టారు.

మస్కట్‌లో కంపెనీ మూతపడి మహేందర్ రెండేళ్ల కింద కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం తిరిగొచ్చేసరికి, అతడు పంపిన పైసలతో కట్టిన ఇంటిని సత్యవ్వ చిన్నకొడుకు పేర రాయించేసింది. ఆనాటి నుంచి తల్లీకొడుకులకు మాటల్లేవు. ఉన్నవన్నీ సంగీత నోటి గుండానే. పైగా ఊళ్లో ఆమెకు “కలుపుగోలు పిల్ల” అని పేరు. ఆ పొగడ్త వింటే నోట్లో చేదు ఊరుతుంది. కంచాలెత్తినట్టే ఇద్దరి ఎంగిలి మాటలూ ఎత్తుతోంది మరి.

పగలు కోరుట్ల బయట ప్లాస్టిక్ మిల్లులో పని. పాల కవర్లు, చిరిగిన నైలాన్ వలలు కలిపి కరిగించి ప్లాస్టిక్ గింజలు తీస్తారు. ఒట్టిగా కరిగిస్తే అవి రెండూ కలవవు, చల్లారాక పొరలుగా ఊడిపోతాయి. అందుకని ముక్కు మండించే మందొకటి వేస్తారు. “దీని ఒక కొస కవర్లల్ల కలుస్తది. ఇంకో కొస నైలాన్‌తోని రియాక్షనై పట్టుకుంటది. నడుమ ఇరుక్కొని ఉంటది, ఇంట్ల కోడలు లెక్క” అన్నాడు సూపర్‌వైజర్ గోవర్ధన్. అందరూ నవ్వారు. సంగీత మందు డబ్బా మూత గట్టిగా బిగించింది. పక్కన పనిచేసే రాధ నవ్వలేదు. “కోరుట్లల నా కిరాయి అర్రల సగం నీకే, వచ్చెయ్” అంది ఎప్పటిలాగే.

ఎంత రుద్దుకున్నా ఆ కంపు పోదు. “పీనుగు కాలిన వాసన” అని మహేందర్ అటు తిరిగి పడుకుంటాడు. ఆ కంపుతోనే ఇంటికొచ్చే బియ్యం మాత్రం అతడికి కంపు కొట్టవు.

ఆ సాయంత్రం సంగీత చెప్పులు విడవకముందే మహేందర్ మొదలుపెట్టాడు. “ఇల్లు నా పేర మారుస్తదా లేదా అవ్వను అడుగు. మార్చకుంటే నిన్ను తోలేస్త, ఇగ వంట తనే చేసుకోవాలె అని చెప్పు.”

“తోలుతే తోలుమని చెప్పు” అంది సత్యవ్వ, టీవీ మీంచి కన్ను తీయకుండా.

సంగీత గడపలోనే నిలబడి ఇద్దరి మొహాలూ చూసింది. ఎంత రోత! వీళ్లను అతికించడానికా ఇన్నాళ్లూ తను కరిగింది?

“అత్తా, నీ కొడుకు నన్ను తోలేస్తడట” అంది. మొగుడి వైపు తిరిగింది. “మీ అవ్వ తోలుమంటున్నది. రెండేండ్లకు మీ ఇద్దరి మాట కలిసింది. ఇగ నడుమ నేనెందుకు?”

విడవని చెప్పులతోనే కోరుట్ల బస్సుకు నడిచింది.

“అవ్వా, మరి అన్నం ఎవలు వండుతరే?” వెనక నుంచి మహేందర్ గొంతు వినపడింది. తల్లిని అతడు నేరుగా అడగడం రెండేళ్లలో అదే మొదలు.