మిరియానికి మొరగడం నేర్పిన శనివారాలు

టెక్సాస్‌లో పద్మజ కౌలుకు తీసుకున్న ఆరెకరాల్లో గోంగూరా చిలగడదుంపలూ పండేవి. ఆ ఏడు దుంపలు ఊరే వేళకి అడవిపందులు పడి రెండు రాత్రుల్లో సగం చేను పెళ్ళగించేశాయి. కంచె వేస్తే కిందినుంచి తవ్వుకుని వచ్చాయి.

పక్క పొలం లొరెయిన్‌కి డెబ్బై దాటాయి. ఆవిడా, బెల్ అనే ఆవిడ ముసలి కుక్కా పందుల వేటలో ఆరితేరినవాళ్ళు. పద్మజ దగ్గరున్న ఏడాది వయసు నల్ల కుక్క మిరియాన్ని చూసి, పనికొస్తుంది, నేర్పుతానంది.

అప్పట్నుంచి ప్రతి శనివారం పొద్దున్నే పాఠం. దొడ్డిలో ఒక పందిపిల్లని వదిలేవారు. మిరియం దూరంగా నిలబడి మొరిగితే మెచ్చుకోవాలి, కరవబోతే తాడు లాగాలి. పందిని కదలకుండా ఆపడమే కుక్క పని, మిగతాది తుపాకీ చూసుకుంటుందని లొరెయిన్ పదేపదే చెప్పేది. రెండు నెలలకి మిరియం బాగానే పట్టు చిక్కించుకుంది.

అక్టోబరులో ఒకరోజు వాగు పక్క పొదల్లో బెల్ పెద్ద మగపందిని ఆపింది. తను చెప్పేదాకా మిరియాన్ని వదలొద్దంది లొరెయిన్. కానీ ఆ పందిని చూడగానే పద్మజకి చేనంతా కళ్ళముందు మెదిలింది. ఒళ్ళు మండిపోయింది. తాడు వదిలేసింది.

మిరియం నేరుగా వెళ్ళి పంది చెవి పట్టుకుంది. పంది విదిలించి తిరిగేసరికి మధ్యలోకి బెల్ దూకింది. లొరెయిన్ తుపాకీ పేలేలోపే పంది కోర బెల్ పొట్ట చీల్చేసింది.

పశువుల డాక్టరు దగ్గరికి ఇరవై మైళ్ళు. బెల్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది పద్మజ. సగం దారిలోనే దాని ఊపిరి ఆగిపోయింది. లొరెయిన్ ట్రక్కు పక్కకి ఆపింది.

"నేనే వదిలేశాను," అంది పద్మజ.

"చూశాను," అంది లొరెయిన్.

ఇద్దరూ కలిసే గొయ్యి తవ్వారు. ఆ తర్వాత పద్మజ లొరెయిన్ పొలంవైపు వెళ్ళలేకపోయింది. మిరియం కూడా పంది వాసన తగిలితే చాలు, ట్రక్కు కిందకి దూరి వణికేది. దాన్ని అలా చూసినప్పుడల్లా పద్మజకి అన్నం సయించేది కాదు.

నెల తర్వాత లొరెయినే వచ్చింది. చేతిలో, ఛాతీకి కోర తగలకుండా బెల్ వేటకి తొడుక్కునే మందపాటి కోటు ఉంది.

"మిరియానికి కాస్త వదులవుతుంది. పట్టీలు బిగించు," అంది.

"నా మీద కోపం లేదా మీకు?"

"ఉంది. అయినా ఈ కుక్కని ఇలా భయంతో వదిలెయ్యను. శనివారం తీసుకురా."

మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు. మూడు శనివారాలు మిరియం దొడ్డి దగ్గరికే రాలేదు. పద్మజ బలవంతం చెయ్యలేదు, తాడు పట్టుకుని దాని పక్కనే గడ్డిలో కూర్చుంది. నాలుగో వారం అది లేచి, పదడుగుల దూరంలో ఆగి, పందిపిల్లని చూసి ఒక్కసారి మొరిగింది. కాసేపాగి మళ్ళీ మొరిగింది. అలా ఆపకుండా మొరుగుతూనే ఉంది.

పద్మజ వెనక్కి తిరిగి చూసింది. లొరెయిన్ ట్రక్కు తలుపు తీసుకుని కూర్చుని, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. దగ్గరికి వెళ్దామనుకుని ఆగిపోయింది పద్మజ. మిరియం వీపు మీద చెయ్యి వేసి, ఆవిడ తేరుకునేదాకా అక్కడే నిలబడింది.