పది నిమిషాల ఐసు

ముసలమ్మ పొద్దున్న ఆరున్నరకి వచ్చేది. సాయంత్రం అయిదు దాటాక ఇంకోసారి వచ్చేది. పావని ఇంటి తలుపు రోజుకి ఆ రెండుసార్లే తెరుచుకునేది.

ముసలమ్మది పూడిమడక. తెల్లారకముందే పడవల దగ్గర వేలంలో చేపలు పాడుకుని, ఆటోలో అనకాపల్లి తెచ్చి మార్కెట్లో అమ్ముతుంది. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, అమ్ముడుపోని చేపలతో గవరపాలెం సందులోకి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ పావనిని అడిగింది.

"అమ్మా, మీ ఇంట్లో ఫ్రిజ్జుందేటి? ఈ వంజరం ఒక్క రేత్రి ఎట్టుకోనిత్తావా? పొద్దుటే వచ్చి అట్టుకుపోతాను."

"కంపు కొట్టదు కదా?"

"కొట్టకపోతే అది సేపేటమ్మా, సబ్బుబిళ్ళ గానీ."

పావనికి నవ్వొచ్చింది. తలుపు పూర్తిగా తెరిచింది. ఆ ఒక్క రాత్రి అలా రెండేళ్ళయింది. వారానికోసారి ముసలమ్మ ఒక మంచి చేప శుభ్రం చేసి ఇచ్చేది. "నీకు కాదమ్మా, ఫ్రిజ్జుకి జీతం" అనేది.

ఫ్రిజ్ పాతది, ఒకే తలుపుది. పైన చిన్న ఫ్రీజర్, దాని నిండా ఐసు కట్టే రకం. భర్త చంద్రమౌళి ఉన్నప్పుడు రెండు వారాలకోసారి, ఆదివారం పూట, లోపలి నాబ్ మధ్యనున్న ఎర్ర బటన్ నొక్కి, ఐసు కరిగించి, పాత తువ్వాలుతో నీళ్ళు తుడిచేవాడు. ఆయన బెల్లం కమిషన్ దుకాణంలో గుమస్తా. నాలుగేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ముందు వాటాలో అద్దెకున్న దంపతులిద్దరూ అచ్యుతాపురం కంపెనీల్లో చేస్తారు. ఇద్దరివీ వేరే వేరే షిఫ్టులు. పావనికి వాళ్ళ తలుపు తాళం కనబడినంతగా వాళ్ళు కనబడరు.

ఆయన పోయాక మొదట్లో పావని కూడా ఆ బటన్ నొక్కేది. ఒకసారి వానాకాలంలో మరిచిపోయింది. ఐసు పెరిగి, ముసలమ్మ చేపల కవరు దానికి అతుక్కుపోయింది. పొద్దున్న ముసలమ్మ లాగితే రాలేదు.

"ఉండు, నీళ్ళు పోద్దాం. కత్తీ గిత్తీ పెట్టకు" అంది పావని.

ఐసు వదలడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ముసలమ్మ వంటగది గడప మీద కూర్చుంది. పావని టీ ఇచ్చింది. తాగుతూ తన కోడలు తలుపులమ్మ ఉప్పు వెయ్యడం మరిచిపోయిన పులుసు గురించీ, ఆ పులుసుని కిక్కురుమనకుండా తినేసిన కొడుకు గురించీ చెప్పింది. "పెళ్ళాం సేత్తే సముద్రం నీళ్ళైనా తియ్యగుంటాయి ఆడికి" అంది. ముసలమ్మ వెళ్ళిపోయాక కూడా పావని చాలాసేపు గిన్నెలు తోముతూ ఆ మాట తలుచుకుంది.

ఆ తరవాత పావని ఎర్ర బటన్ నొక్కలేదు. మరిచిపోయి కాదు. సాయంత్రం ముసలమ్మ కవరు పెట్టి వెళ్ళాక, దాన్ని ఇంకాస్త లోపలికి జరిపి ఐసు గోడకి ఆనించేది. అడుగున రెండు చెంచాల నీళ్ళు చల్లిన రోజులు కూడా ఉన్నాయి. పొద్దున్న కవరు వచ్చేది కాదు. ముసలమ్మ "దీని ఇల్లు పాడవ, మళ్ళీ పట్టీసింది" అంటూ గడప మీద కూర్చునేది. పావని టీ పెట్టేది.

ఈ ఏడు కొత్తమావాస్య జాతర ముందురోజు ముసలమ్మ హడావిడిగా వచ్చింది. "ఊరంతా సుట్టాలేనమ్మా. బేగి ఇచ్చీ, ఎల్లిపోవాల" అంది. పావని అప్పటికే పాలు స్టవ్ మీద పెట్టింది. ఫ్రీజర్‌లో కవరు రాయిలా అతుక్కుని ఉంది.

"ఒక్క పొంగు రానీ. నీళ్ళు పోస్తాను" అంది పావని, ముసలమ్మ వైపు చూడకుండా.

వెనక నుంచి టకటకమని చప్పుడు వినిపించింది. పావని తిరిగి చూసేసరికి ముసలమ్మ తట్టలోంచి చేపల కత్తి తీసి ఐసు కింద దూర్చి ఎత్తుతోంది. సుయ్‌మని సన్నటి చప్పుడొచ్చింది. కవరు ఊడి వచ్చింది.

"పాము బుసకొట్టినట్టు ఏటమ్మా అది?" అంది ముసలమ్మ. ఇద్దరూ చెవి పెట్టి విన్నారు. చప్పుడు ఆగిపోయింది. ముసలమ్మ కవరు తట్టలో వేసుకుని, టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి వంటగదిలో నీళ్ళు మడుగు కట్టాయి. ఫ్రిజ్ లోపల లైటు వెలుగుతోంది, వెనక మోటారు ఆగకుండా తిరుగుతోంది, చల్లదనం మాత్రం లేదు.

రింగ్ రోడ్డులో రిపేరు షాపు నడిపే ఉమామహేష్ మర్నాడు సాయంత్రం వచ్చాడు. చుట్టాల హడావిడిలో ముందురోజు సాయంత్రం నుంచి రాని ముసలమ్మ సరిగ్గా అప్పుడే తట్టతో గుమ్మంలోకి వచ్చింది. అతను కరిగిన ఫ్రీజర్‌లోకి సెల్‌ఫోన్ లైటు వేసి, అడుగున రేకు మీద వేలు పెట్టాడు.

"ఇదిగో, బొక్క. గ్యాసంతా పోయింది. ఎవరాంటీ కత్తి పెట్టింది?"

పావని మాట్లాడేలోపే ముసలమ్మ అంది. "నేనే బాబూ."

"ఐసుని పొడవకూడదు మామ్మా. ఈ రేకులోనే గ్యాసు పైపులుంటాయి." తరవాత పావని వైపు తిరిగాడు. "మీరైనా బటన్ నొక్కాలి కదాంటీ? ఈ రేకు మీద గుర్తు చూడండి, బెత్తెడు ఐసు ఉండేదిక్కడ. అసలు అంత ఎందుకు పెరగనిచ్చేరు?"

పావని చెప్పాల్సిన మాట ఉంది. చిన్న మాటే. ముసలమ్మ మొహం చూసింది. చెప్పడానికి సిగ్గేసింది.

"మర్చిపోయాను" అంది. తరవాత ముసలమ్మతో, "పర్లేదులే ముసలమ్మా" అంది.

ఆ పర్లేదు అన్న మాటతో తప్పంతా ముసలమ్మ మీద పడిందని, అన్నాక గాని పావనికి తెలియలేదు.

"మీ ఆయన కొన్నదమ్మా ఇది. నా సేత్తో సంపీసేను" అంది ముసలమ్మ. తట్ట నెత్తిన పెట్టుకుంది. ఆ రోజు చేపలు ఎక్కడ పెట్టుకుందో పావనికి తెలియదు. మర్నాడు పొద్దున్న రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పావని ఫ్రిజ్‌ని సోడా ఉప్పుతో కడిగి, తలుపు మూసుకుపోకుండా కుర్చీ అడ్డం పెట్టి ఆరబెట్టింది. మూడు రోజుల్లో చేపల వాసన పోయింది. నాలుగో రోజు ఫ్రిజ్ లోపలికి తల పెట్టి వాసన చూసింది. సోడా వాసన కూడా లేదు.

ఏప్రిల్ పదిహేను నుంచి సముద్రంలో వేట నిషేధం. రెండు నెలలు పడవలు కదలవు, ముసలమ్మ ఊరిలోకి రాదు. ప్రతి ఏడూ ఆ రెండు నెలలూ పావనికి గడిచేవి కావు. అయితే జూన్ మధ్యలో వస్తుందని తెలిసేది. ఈసారి అది తెలియదు. నిషేధం మొదలయ్యేలోగా ఫ్రిజ్ బాగై, ముసలమ్మ ఒక్కసారైనా వచ్చి కవరు పెట్టి వెళ్తే చాలు. లేకపోతే ఇక రాదు. పావనికి ఆ లెక్క ఒక్కటే ఉంది.

ఉమామహేష్‌కి రోజూ ఫోన్ చేసింది.

"అతుకేస్తే నెల కూడా ఆగదాంటీ. ఫ్రీజర్ బాక్సు మొత్తం మార్చాలి. ఈ మోడల్‌కి దొరకడం కష్టం. దీని బదులు కొత్తది తీసుకోండి, పాతదానికి ఎక్స్‌చేంజ్ ఇస్తారు. ఇప్పుడొచ్చేవాటికి అసలు ఐసే కట్టదు."

"కట్టకపోతే నాకొద్దు" అంది పావని.

"ఐసు కట్టాలని అడిగే కస్టమర్ని నేను చూళ్ళేదాంటీ" అన్నాడు.

"అది కాదు బాబూ. పాతదే బాగు చెయ్యి."

చివరికి బాక్సు వైజాగ్‌లో పాత సామాన్ల కొట్టులో దొరికింది. ఏప్రిల్ పన్నెండున ఉమామహేష్ తెచ్చాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పని చేశాడు. వెనక జాలీకి పట్టిన ధూళి బ్రష్‌తో దులిపాడు. పాత బాక్సు ఊడదీసి కొత్తది బిగించాడు. ఫిల్టర్ మార్చి, పైపులు అతికి, గ్యాసు ఎక్కించాడు. తరవాత ఒక కాగితం ముక్క తలుపులో పెట్టి మూసి, లాగాడు. కాగితం జారి చేతిలోకి వచ్చేసింది.

"చూసేరా, తలుపు రబ్బరు కూడా పోయింది. గాలి లోపలికి పోతే ఐసు మరీ తొందరగా పెరుగుతుంది. మార్చేనా?"

"మార్చు" అంది పావని, కొంచెం ఆగి.

కొత్త రబ్బరు తొడిగాక కాగితం లాగితే చిరిగింది. "ఇంక చూసుకోక్కర్లేదు. కంప్రెసర్ మాత్రం గట్టిదాంటీ, ఇంకో పదేళ్ళు తిరుగుతుంది. ఐసు వేలు మందం కాగానే బటన్ నొక్కండి. మర్చిపోకండి మరి."

"మర్చిపోలేదు" అంది పావని. అతను సామాన్లు సర్దుకుంటూ వినలేదు.

మర్నాడు ఆరున్నరకి పావని మార్కెట్‌కి వెళ్ళింది. చేపల వైపు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. చేప ఇంటికే వచ్చేది. గేటు పక్కన మొదటి అరుగు మీదే ముసలమ్మ కూర్చుని ఉంది. పక్కన తెల్లటి థర్మాకోల్ పెట్టె, దాని నిండా గుండ కొట్టిన ఐసు. చుట్టూ జనం.

"ఓలమ్మ, నువ్వేటి ఇలాగొచ్చేవు?" అంది ముసలమ్మ. మొహం వెలిగింది. కత్తి మాత్రం ఆపలేదు.

"ఫ్రిజ్ బాగైంది ముసలమ్మా. సాయంత్రం చేపలు తెచ్చుకో."

"వద్దమ్మా. ఒకపాలి పాడు సేసేను, సాలు."

"నువ్వు కాదు." పావని జనం మధ్యలోంచి ముందుకి వంగింది. "ఆ ఐసు నేనే పెంచాను. కావాలనే బటన్ నొక్కలేదు. కవరు అంటుకుంటే నువ్వు కాసేపు కూర్చుంటావని."

ముసలమ్మ కత్తి ఆగింది. పక్కనున్న ఒకాయన, "ఏటీ, ముక్కలు సేత్తావా, సెయ్యవా?" అన్నాడు. "ఉండు బావా, ఎక్కడికి పారిపోతావు" అని ఆయన చేప కోసి, కవర్లో వేసి ఇచ్చేసింది. తరవాత చేతులు కడుక్కుంది.

"రోజూనా?" అంది.

పావని తల ఊపింది.

ముసలమ్మ కోప్పడలేదు. నవ్వలేదు కూడా. "ఈ జాగా నాదేనమ్మా, పదేళ్ళుగా. పొద్దుట బేరమంతా గేటు కాడే. రెండేళ్ళుగా పది నిమిషాలు ఆలీసం అయ్యేసరికి సేపలమ్మే అప్పలకొండమ్మ ముందొచ్చి ఇక్కడ కూకుండిపోయేది. నేను ఆ మూలకి పోయేదాన్ని. ఫ్రిజ్జు పోయినాక ఈ పెట్టె కొనుక్కున్నాను. ఇప్పుడు నేనే ముందొత్తన్నాను."

"నాకు తెలీదు ముసలమ్మా."

"నువ్వెలా ఎరుగుదువు? నేను సెప్పనేదు కదా. టీ పోసి కూకోబెడితే ఏటని సెప్పగలను?" మళ్ళీ ఎవరో రొయ్యల ధర అడిగారు. చెప్పింది. తూకం వేసింది. పక్కనున్న ఖాళీ ట్రే బోర్లించి, "కూకోమ్మా" అంది.

పావని కూర్చుంది. ముసలమ్మ వెనక్కి తిరగడానికి తీరిక లేదు. ఒకావిడ పావని మోకాళ్ళ మీదుగా వంగి, "వంజరం ఎంతమ్మా?" అని అడిగింది. పావని ముసలమ్మ వైపు చెయ్యి చూపించింది. మరొకావిడ నిలబడడానికి చోటు లేక కాళ్ళు అటూ ఇటూ మార్చుకుంటోంది. పది నిమిషాలు కాకుండానే పావని లేచింది.

"వెళ్తాను. రేపు వస్తావా మార్కెట్‌కి?"

"రేపొక్కరోజే. ఆపైన వేట బందు కదమ్మా."

"నీ నంబరైనా ఇయ్యి."

"నా నంబరు నాకేటి తెలుసమ్మా? ఇదిగో, నువ్వే కొట్టుకో." నడుము దగ్గరి సంచిలోంచి ఫోన్ తీసిచ్చింది. పగిలిన అద్దం మీద పొలుసులు అంటుకుని ఉన్నాయి. పావని తన నంబరు నొక్కింది. తన సంచిలో ఫోన్ మోగి ఆగింది.

"నీ పేరు కూడా ఎట్టీమ్మా. మా తలుపులమ్మ సదివి సెప్తాది."

పావని అక్షరాలు వెతుక్కుంటూ కొట్టింది.

"ఏటని ఎడతన్నావు?" అంది ముసలమ్మ, తక్కెట్లోకి రొయ్యలు వేస్తూ. "ఫ్రిజ్జమ్మగోరు అనెట్టు. అలాగైతే మా ఇంట్లో అందరికీ తెలుత్తాది."

తెర మీద అప్పటికే 'పావని' అని ఉంది. ఆమె ఆ పేరుని కాసేపు చూసి, చెరిపేసింది. ఫ్రిజ్జమ్మగారు అని రాసి, అద్దం మీది తడి చీరచెంగుతో తుడిచి, ఫోన్ తిరిగి ఇచ్చింది.