సగటున పద్దెనిమిది

పది మెషీన్లున్న ఆ గేమింగ్ హాల్లో పనిచేసేది ఒక్క మనిషి. మిగతావాళ్లు ఆ పనిని చూస్తారు. పనిచేసే మనిషి అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. కొప్పులో టెస్టర్ గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి టెస్టరమ్మ అంటారు. మూతలు విప్పేది, దుమ్ము ఊదేది, వైర్లు సర్దేది, తెగిన హెడ్‌ఫోన్లు అతికేది ఆమే. చూసేవాళ్లలో మొదటివాడు యజమాని. రెండోవాడు యజమాని బావమరిది, అంటే మేనేజరు. ఈ మేనేజరు ఏం మేనేజ్ చేస్తాడని అడక్కండి. యజమానే అడగలేదు. తమ్ముణ్ణి ఒక మాటంటే అక్కకి కోపం వస్తుంది, అక్కకి కోపం వస్తే బావకి అన్నం సయించదు. ఆ ఇంటి రాజ్యాంగం మొత్తం ఈ రెండు ముక్కలే.

ఆ రోజు ఉదయం కౌంటరు మీద ఒక కాగితం ఉంది. టెస్టరమ్మని పనిలోంచి తీసేస్తున్నట్టు మేనేజరు టైపు చేయించిన కాగితం. సంతకం ఒక్కటే తరువాయి.

ఆమె చేసిన నేరం ఇది. పెద్ద గేమింగ్ పోటీ ఒకటి ఊళ్లోకి వస్తోంది. ఆ పోటీ ఈ హాల్లో జరగాలంటే ప్రతి మెషీన్‌లోనూ ఆట సెకనుకి నూటనలభై ఫ్రేములు తగ్గకుండా నడవాలి. అంటే తెర మీద బొమ్మ సెకనుకి నూటనలభైసార్లు మారాలి. ఇక్కడ ఆట డెబ్భై దగ్గరే కాళ్లు జాపుకుని కూర్చుంది. మేనేజరు ఒక్క చూపు చూసి గ్రాఫిక్స్ కార్డులు పాతబడ్డాయన్నాడు. ముందు ఎక్కడ అడ్డం పడుతోందో చూద్దాం సార్ అని టెస్టరమ్మ మొత్తుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పది కొత్త కార్డులు వచ్చాయి, ఒక్కోటీ ఇటుకంత. రెండు రోజులు వంగిన నడుం ఎత్తకుండా పదీ బిగించింది. డెబ్భై కాస్తా డెబ్భై ఒకటి అయింది.

ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. మేనేజరు మద్దెలని కూడా వదిలేసి దాన్ని మోసేదాన్ని పట్టుకున్నాడు. కార్డులు తప్పుగా బిగించింది ఈమే అని బావ చెవిలో ఊదాడు. సాయంత్రం నాలుగింటికి పోటీ వాళ్ల తరఫున తనిఖీకి మనిషి వస్తుంది. ఆలోగా నూటనలభై కనబడకపోతే కాగితం మీద సంతకం పడుతుంది. పన్నెండేళ్ల చాకిరీకి ఆరు పంక్తుల కాగితం. ఆ తర్వాత ఏ హాలు గుమ్మం ఎక్కినా, పది మెషీన్లు పాడుచేసిన మనిషని కబురు ఆమెకంటే ముందే చేరుతుంది.

టెస్టరమ్మ కాగితం చదివి, మడిచి, దాని మీదే స్క్రూల డబ్బా పెట్టి పనిలోకి దిగింది.

మూడో మెషీన్ ముందు రిటైరైన బస్సు కండక్టరు ఉన్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి ఇద్దరు ముగ్గుర్ని కాల్చి, తనూ నాలుగైదుసార్లు చచ్చి ఇంటికి పోతాడు. ఆయన్ని కాస్త పక్కకి జరగమని ఆమె ఆట సెట్టింగుల్లోకి వెళ్లింది. బొమ్మ నాణ్యత అట్టడుగుకి దించేసింది. రిజల్యూషన్ సగానికి కోసేసింది. తెర మీద చెట్లు చీపుళ్లయ్యాయి, సైనికుల మొహాలు పెచ్చులూడిన గోడల్లా తయారయ్యాయి. వీళ్లని కాల్చాలంటే జాలేస్తోందమ్మా అన్నాడు కండక్టరు. ఆమె చూస్తున్నది మొహాల్ని కాదు, మూలన ఉన్న అంకెని. డెబ్భై ఒకటి. అంగుళం కదల్లేదు.

యజమానిని పిలిచి చూపించింది. బొమ్మలు గీసేది కార్డు. దానికి పని సగానికి సగం తగ్గించినా వేగం పెరగలేదంటే ఆలస్యం దాని దగ్గర లేదు. ఏం గీయాలో దానికి చెప్పేది ప్రాసెసర్. అక్కణ్ణించి ఆజ్ఞ వచ్చేదాకా మీ కొత్త కార్డు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటోంది సార్ అంది.

మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు కోసమే తెర మీద ఒక కిటికీ తెరిచి పెట్టుకున్నాడు. ప్రాసెసర్ వాడకం: నూటికి పద్దెనిమిది.

"చూడు బావా. ప్రాసెసర్ గుర్రు పెట్టి నిద్రపోతోంది. దాని మీద భారమట. చెప్పేవాళ్లకి వినేవాళ్లు లోకువ."

యజమాని అంకె చూసి తలూపాడు. పై నుంచి చూసేవాళ్లందరికీ సగటు అంటే ప్రాణం. ఒకడు చచ్చేట్టు చాకిరీ చేసి ఏడుగురు పడుకుంటే, సగటున అందరూ హాయిగా ఉన్నట్టే లెక్క తేలుతుంది.

టెస్టరమ్మ అదే కిటికీలో ఒక్క నొక్కు నొక్కింది. ఒక గీత పోయి ఎనిమిది గళ్లు వచ్చాయి. ప్రాసెసర్ అంటే ఒక్క పనివాడు కాదు, లోపల ఎనిమిదిమంది ఉంటారు. వాళ్లని కోర్లంటారు. ఏడు గళ్లలో గీత నేల మీద బల్లిలా పాకుతోంది. ఎనిమిదో గడి మాత్రం అడుగు నుంచి అంచు దాకా నిండిపోయి ఉంది. నూటికి నూరు.

"ఈ ఒక్కడే సార్ ఆటని మోస్తున్నది," అంది. "మిగతా ఏడుగురూ మేనేజర్లు."

కండక్టరు దగ్గు వచ్చినట్టు నటించాడు.

యజమాని గడ్డం గోక్కుని, అయితే కొత్త ప్రాసెసర్లు కొనాలా అన్నాడు. మేనేజరు మొహం వెలిగింది. అక్కర్లేదంది టెస్టరమ్మ. రెండు నెలల కిందట ఇవే ప్రాసెసర్లు, పాత కార్డులతోనే నూటయాభై దాకా లాగేవి. ఆ రెండు నెలల్లో ఏం మారిందో చూడాలి. మారింది ఒక్కటే. పనివాళ్లు పనిచేస్తున్నారో లేదో, ఆడేవాళ్లు ఏం చేస్తున్నారో కనిపెట్టడానికి మేనేజరు అన్ని మెషీన్లలోనూ కాపలా ప్రోగ్రామ్ పెట్టించాడు. అది ఆట గీయించే ప్రతి బొమ్మనీ ఆపుతుంది, ఫోటో తీస్తుంది, అప్పుడు వదులుతుంది. ఆ పని కూడా ఆ ఎనిమిదో కోర్ నెత్తినే పడుతుంది.

మేనేజరు ఒప్పుకోలేదు. అది ఒక్క శాతం కూడా తినదన్నాడు. అతని సాక్ష్యం మళ్లీ సగటే.

ఈసారి నోరు విప్పింది కండక్టరు. "బాబూ, ముప్పై ఏళ్లు బస్సెక్కినవాణ్ణి. తలుపు ఒక్కటే. దిగే ప్రతివాడినీ ఆపి టికెట్ చూసే చెకింగువాడు ఆ తలుపులో నిలబడితే, వెనక సీట్లన్నీ ఖాళీగా ఉన్నా బస్సు కదల్దు. ఇంజను మార్చినా కదల్దు."

టెస్టరమ్మ సంచిలోంచి ఒక డిస్క్ తీసింది. కాపలా రాకముందు మెషీన్‌లోని సరుకంతా తీసి దాచిపెట్టిన నకలు అది. మూడో మెషీన్‌లో మార్చి ఆట పెట్టింది. అదే కార్డు, అదే ప్రాసెసర్, అదే కండక్టరు. నూటనలభై ఎనిమిది. చెట్లు మళ్లీ చెట్లయ్యాయి.

కంచే చేను మేసిందన్నమాట. యజమాని బావమరిది వైపు తిరిగి, ఆ కాపలా తీసెయ్యి, పాస్‌వర్డ్ చెప్పు అన్నాడు. మేనేజరు పైకప్పు చూశాడు, ఫ్యాను చూశాడు, ఫోన్లో వెతికినట్టు చేశాడు. చివరికి గొణిగాడు, గుర్తులేదని. పెట్టిన రోజు తప్ప మళ్లీ తెరవలేదట. రెండు నెలలుగా ఆ ఒక్క కోర్ నడుం విరిగేలా తీసిన లక్షల ఫోటోల్లో ఒక్కటి కూడా ఎవరూ చూడలేదు.

ఇక దారి ఒక్కటే. బీరువాలోని పాత డిస్కుల్లోకి నకళ్లు తీసి, మిగిలిన తొమ్మిది మెషీన్లలోనూ మార్చాలి. అప్పటికే పన్నెండు దాటింది. ఒక్క మనిషివల్ల కాదు. టెస్టరమ్మ స్క్రూడ్రైవర్లు బల్ల మీద వరసగా పరిచింది. యజమానికి నాలుగు మూతలు, కండక్టరుకి నాలుగు, మేనేజరుకి ఒక్కటి, పదో నంబరు. నకళ్లు తీసేదీ, బిగించేదీ తను. యజమాని చొక్కా చేతులు మడిచాడు. పన్నెండేళ్లలో ఆ మెషీన్ల కడుపులు చూడడం అదే మొదటిసారి. ఇంత దుమ్ముంటుందా అన్నాడు. ఉంటుంది సార్, దులపకపోతే ఇంకా ఉంటుంది అంది.

నాలుగవడానికి ఐదు నిమిషాలుందనగా, టెస్టరమ్మ తొమ్మిదో మెషీన్ బిగిస్తుండగానే, తనిఖీ ఆవిడ వచ్చింది. మొదటి మెషీన్ నుంచి తొమ్మిదో దాకా కూర్చుంది, లేచింది, రాసుకుంది. ఎక్కడా నూటనలభైకి తగ్గలేదు. పదో మెషీన్ ముందు ఆగింది. డెబ్భై ఒకటి.

పదో మెషీన్‌కి మూత అలాగే ఉంది. ఒక్క స్క్రూ కూడా వదులు కాలేదు.

"చెప్పానా బావా," అన్నాడు మేనేజరు. "ఈమె బిగించడమే తప్పు."

యజమాని ఆ మూతనీ, నల్లబడిన తన వేళ్లనీ, నలగని బావమరిది చొక్కానీ చూశాడు.

"ఆ మూత విప్పమన్నది నిన్ను కదరా."

జన్మలో మొదటిసారి అన్నాడా మాట. అనేసి తనే బెదిరి గుమ్మం వైపు చూశాడు, అక్కగారు విందేమోనని.

టెస్టరమ్మ పది నిమిషాలు అడిగింది. తనిఖీ ఆవిడ చేతి గడియారం చూసుకుని, ఏడు నిమిషాలే ఇస్తానంది. నాలుగు స్క్రూలు, ఒక డిస్క్, మళ్లీ నాలుగు స్క్రూలు. ఆరు నిమిషాలకి తెర వెలిగింది. నూటనలభై ఎనిమిది. ఆవిడ సంతకం చేస్తూ, మీ దగ్గర మంచి మెకానిక్ ఉంది అంది యజమానితో. అవునవును, మేమే తయారుచేశాం అన్నాడాయన. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈయన నోటికి సిగ్గు అనేది కూడా తోడై ఉంటే ఇంకా బాగుండేది.

ఆవిడ వెళ్లాక యజమాని స్క్రూల డబ్బా కింద నుంచి కాగితం లాగి చింపబోయాడు. టెస్టరమ్మ అతని చేయి పట్టుకున్నంత పని చేసింది.

"చింపకండి సార్. బాగా టైపు చేయించారు. పేరు ఒక్కటి మారిస్తే సరిపోతుంది."

యజమాని కాగితం చూశాడు. బావమరిదిని చూశాడు. ఇంటి దగ్గర రాత్రి భోజనం గుర్తొచ్చింది కాబోలు, కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

అది ఇంకా సొరుగులోనే ఉంది. ఆమె పేరు మాత్రం కొట్టేసి ఉంది. మేనేజరు రోజూ పదకొండింటికి వస్తాడు. టెస్టరమ్మ వెనక నిలబడి ఏం చేస్తోందో చూడబోతాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే చేయి చాచి స్క్రూడ్రైవర్ అందిస్తుంది. వెంటనే అతనికి ఫోన్ వస్తుంది.