గోడవైపు తిప్పిన బొమ్మ

నా నోరు మంచిది కాదని సిరొంచ బస్టాండులో ఎవరినడిగినా చెబుతారు. చెప్పనీ. ఈ ఒక్క సంగతిలో మాత్రం నోరు మూసుకుని దీపశ్రీని నమ్మాను. ఆరో తరగతి నుంచి స్నేహం మాది. దానిది జిరాక్స్, లామినేషన్ దుకాణం. పక్కనే నా కుట్టు మిషను.

మా ఇంట్లో ఎర్ర సుద్దతో గీసిన బొమ్మ ఒకటుండేది. నూట యాభై ఏళ్ల నాటిది. మా అబ్బాకు ముత్తాత మదార్ సాబ్ ఇక్కడి తెల్లదొర బంగళాలో గుర్రాలు చూసేవాడట. దొరకు బొమ్మల పిచ్చి. కళ్లెం పట్టుకుని నిలబడమని చెప్పి ఆయన్ని గీసి, ఊరు వదిలిపోతూ ఆ కాగితం ఆయనకే ఇచ్చిపోయాడట.

మాది ఒకటే గది. నమాజు చదివేచోట మనిషి మొహం ఎదురుగా ఉండకూడదని అబ్బా దానికి రెండువైపులా అద్దం వేయించి, మొహాన్ని గోడవైపు తిప్పి తగిలించాడు. కాగితం వెనకవైపు మదార్ సాబ్ చెయ్యి ఒక్కటే విడిగా గీసుకున్నాడు దొర. పిడికిలి, వంకర చిటికెన వేలు. అచ్చం అబ్బా చెయ్యే. అబ్బా పోయి నాలుగేళ్లు. రోజూ పొద్దున ఆ చేతికి ఒక మాట చెప్పుకుని పనికి పోయేదాన్ని. ఎవరైనా వస్తే మాత్రం గొప్పకు మొహంవైపు తిప్పి చూపించేదాన్ని. దీపకూ మొహమే చూపించాను.

ఈ వానలకు అద్దం లోపల చెమ్మ పట్టింది. సుద్ద పొడిపొడిగా రాలి గీతలు చెదురుతున్నాయి.

"ఖరాబైతదే బదరూ! నాకియ్యి, లామినేషన్ చేసిస్త," అంది దీప.

ఇచ్చాను. నాలుగో రోజు తళతళలాడుతూ తెచ్చింది. మదార్ సాబ్, కళ్లెం, మూలన పురుగు తిన్న మచ్చతో సహా. కళ్లనీళ్లు పెట్టుకుని దానికి చాయ్ తాగించాను. అది వెళ్లాక తగిలిద్దామని తిప్పితే వెనక తెల్లగా ఉంది. కొత్త కలర్ జిరాక్స్ కాగితం.

చెప్పులు కూడా వేసుకోకుండా దుకాణానికి పోయాను.

"అసలుది ఏదే?"

"గిదే గదనే. పిచ్చి లేసిందా?" అని నవ్వబోయింది.

"అబద్ధమాడితే పళ్లు రాలగొడ్త. ఏది?"

తల దించుకుంది. నాగపూర్ నుంచి పాత వస్తువులు కొనే మనిషి వచ్చాడట. అడిగినంత ఇచ్చాడట.

"నీకు బొమ్మ కావాలె, బొమ్మ ఉన్నది గదా అనుకున్న. తప్పైంది బదరూ."

"నేను ఇయ్యనని తెల్సే అడగలే గదా నువ్వు! నా ఇంట్ల కూసోని చాయ్ ఎట్ల తాగినవే?"

బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా చూశారు. చూడనీ.

"తెప్పిస్త. నా బిడ్డ మీద ఒట్టు," అంటూ దీప ఫోన్ చేసింది. పైసలు వాపస్ ఇస్తే బొమ్మ ఇస్తానన్నాడు ఆ మనిషి. నాకు ప్రాణం లేచివచ్చింది. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

"ఎనుక చెయ్యి ఉన్నది, మా అబ్బా చెయ్యి. జర పైలంగ తెమ్మని చెప్పు," అన్నాను.

దీప ఫోను దించి నా వైపు చూసింది.

"చెయ్యా? ఎర్రమట్టి అంటిందనుకున్ననే. సాఫ్‌గ ఉండాలె అని గుడ్డతోటి గట్టిగ తుడిచి ఇచ్చిన."

నా నోరు మంచిది కాదంటారు కదా. ఒక్క మాట రాలేదు.