పడుగులపల్లి ఊరేగింపులో ఎకో పెట్టె

కేతేపల్లిలో మెహమూద్ మైక్ సెట్టు అంటే మొదట్లో ఒక ఆంప్లిఫయరు, ఒక టేపు రికార్డరు, రెండు హారన్లు, వాటన్నిటినీ నడిపే ఒక లారీ బ్యాటరీ. ఆ కాస్త సామానుతోనే అతను ఆరేళ్లపాటు పెళ్లిళ్లూ బోనాలూ ఉర్సులూ హాయిగా నెగ్గుకొచ్చాడు. ఎనభై ఏడులో ఒకసారి హైదరాబాదు పోయి, కోఠీలో ఒక దుకాణం ముందు నిలబడడంతో ఆ హాయి పోయింది.

ముందు ఎకో పెట్టె కొన్నాడు. మైకులో ఒక మాట అంటే అది మూడుసార్లు తిరిగి అంటుంది. తర్వాత తిరిగే రంగుల లైటు, సీరియల్ బల్బులు, పాటకు తగ్గట్టు ఎగిరెగిరి పడే ఎర్ర దీపాల పెట్టె వచ్చాయి. ఆఖరికి ఒక చిన్న ఫ్యాను. ఆంప్లిఫయరు వేడెక్కకుండా అని చెప్పేవాడు గాని, దాని మొహం ఎప్పుడూ అతని వైపే ఉండేది. ఇన్ని కొన్నా బ్యాటరీ మాత్రం పాతదే. బ్యాటరీ నల్లగా ఒక మూలన పడి ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ వహ్వా అనరు. అందుకని రెండోది కొనాలన్న ఆలోచన అతనికి రానేలేదు.

అతని భార్య బషీరున్నీసా భువనగిరిలో రేడియోలు బాగుచేసే మనిషి కూతురు. చిన్నప్పుడే తండ్రి పక్కన కూర్చుని తీగలు అతికిన చెయ్యి. ఏ వస్తువు ఎంత కరెంటు తాగుతుందో ఆమె ఒక పాత శుభలేఖ వెనక రాసి చూపించి, అన్నీ ఒక్కసారి పెడితే ఈ బ్యాటరీ అరగంట కూడా నిలవదని చెప్పింది. మీ బాపు బాగుచేసింది రేడియోలు, ఇది డిస్కో అన్నాడు మెహమూద్. డిస్కో అంటే ఏమిటో అతనికీ సరిగ్గా తెలియదు.

ఆ మరుసటి ఎండాకాలం పడుగులపల్లి నుంచి గండయ్య వచ్చాడు. అక్కడి చేనేత సంఘానికి అతను రెండోసారి అధ్యక్షుడయ్యాడు. ఏకగ్రీవంగా అయ్యాడు. నామినేషన్ల నోటీసును ఆఫీసు లోపలి గోడకు అంటించి, గడువు ముగిసేదాకా బయట తాళం వేయించాడు కాబట్టి పోటీకి ఎవరూ రాలేదు. ఊళ్లో నూలు అందక మూడు నెలలవుతోంది. సగం మంది మగవాళ్లు మరమగ్గాల పనికి భివండీ పోయారు. అయినా గెలిచాడు గనక ఊరేగింపు ఉండాలి.

ఉన్న సామానంతా జీపు మీద కట్టాలన్నాడు గండయ్య. పగలు పదకొండు గంటల ఎండలో లైట్లు ఎవరికి కనబడతాయని మెహమూద్ మెల్లగా అడిగాడు.

“కనవడాలని గాదు. ఉన్నయని తెల్వాలె,” అన్నాడు గండయ్య.

ఆ జవాబు మెహమూద్ మనసుకు బాగా నచ్చింది. తన బ్యాటరీ చాలదని లోలోపల తెలుసు కాబట్టి, జీపు బ్యాటరీకి కూడా తీగలు కలిపేలా డ్రైవరు ఐలేశంతో మాట్లాడుకున్నాడు. ఇంజను ఆగకూడదు, అంతే. బయలుదేరేటప్పుడు బషీరున్నీసా గడపలో నిలబడి, ఒకవేళ ఇంజను ఆగితే ముందు లైట్లు పీకేయి, ఒక్క ఆంప్లిఫయరే ఉంచు అని రెండుసార్లు చెప్పింది. అతను బల్బుల దండ చుట్టుకుంటూ సరే సరే అన్నాడు.

ఊరేగింపు మొదటి రెండు వీధులూ బాగానే సాగింది. పాట మోగింది, ఎర్ర దీపాలు ఎగిరాయి, రంగుల లైటు ఎవరికీ కనబడకుండా తిరిగింది. జనం పదిహేను మంది ఉంటే వాళ్లలో పదిమంది గండయ్య చుట్టాలు. మగ్గాల వాడకు వచ్చేసరికి జీపు ఆపించి గండయ్య మైకు అందుకున్నాడు. ఇంజను గుడగుడలో తన గొంతు తనకే వినబడలేదు. బంద్ చెయ్యమని ఐలేశానికి చెయ్యి ఊపాడు. మెహమూద్ వద్దు వద్దని సైగ చేశాడు గాని, మెడలో దండలున్న మనిషి వెనక్కి తిరగడం కష్టం. ఐలేశం తాళంచెవి తిప్పేశాడు.

“సంఘ సభ్యులారా,” అన్నాడు గండయ్య. “లారా, లారా, లారా,” అంది పెట్టె. అతనికి ఒళ్లు పులకరించింది. తాను చేసినవీ చేయబోయేవీ పావుగంటసేపు చెప్పాడు. ప్రతి మాటా మూడింతలై వాడంతా తిరిగొచ్చింది. అంతలో బల్బులు కందిపప్పు రంగుకు దిగాయి. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదించాయి. గండయ్య ‘అభివృద్ధి’ అనబోయి ‘అభి’ దగ్గర ఉండగా అన్నీ ఆగిపోయాయి. ఐలేశం సెల్ఫు కొడితే జీపు టిక్కుమని ఊరుకుంది.

పెట్టె లేని గండయ్య గొంతు సన్నగా, పీలగా ఉంది. అతనే ఆశ్చర్యపోయి నోరు మూశాడు. అప్పుడు గడపలో కూర్చున్న సుభద్రమ్మ అడిగింది. అరవై ఏళ్ల మనిషి, వరసకు అతనికి వదినె. గొంతు పెంచలేదు గాని వాడ చివరిదాకా వినబడింది.

“మరిదీ, నూలెప్పుడిస్తవు?”

గండయ్య విననట్టు మెహమూద్ వైపు చూసి పళ్లు కొరికాడు. మెహమూద్‌కు భార్య చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. బల్బులు పీకాడు, రంగుల లైటు పీకాడు, దీపాల పెట్టె పీకాడు, మనసొప్పకపోయినా ఫ్యాను కూడా పీకాడు. ఎకో పెట్టె మీద చెయ్యి వేయగానే గండయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. అది ఉండాల్సిందే అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్న బ్యాటరీ ఆంప్లిఫయరును లేపింది. గండయ్య మైకు మూతికి ఆనించుకుని, ఛాతీ విరిచి జవాబిచ్చాడు.

“వచ్చే వారం.”

“వచ్చే వారం, వచ్చే వారం, వచ్చే వారం,” అంది పెట్టె.

ఎవరో దగ్గినట్టు నవ్వారు. సుభద్రమ్మ నవ్వలేదు.

“మూన్నెల్ల సంది నువ్వొక్కనివే చెప్పినవు,” అంది. “ఇప్పుడు పెట్టె గూడ నేర్చింది.”

వాడంతా గొల్లున నవ్వింది. గండయ్య నవ్వకుండ్రి అని మైకులోనే గద్దించాడు. పెట్టె లోపలి టేపుకు బలం తగ్గిందేమో, ఆ మాట ఒక్కోసారికీ సాగి సాగి, బొంగురుపోయి, చివరిది దున్నపోతు అరుపులా వచ్చింది. అతని చుట్టాలు కూడా మొహాలు పక్కకు తిప్పుకున్నారు. ఒక్క మీట నొక్కితే పెట్టె నోరు మూతపడేది. మీట మెహమూద్ వేలికి జానెడు దూరంలో ఉంది. అతను జీపు కిందికి వంగి, అక్కడేదో తీగ చూసుకుంటూ ఉండిపోయాడు.

జీపును తొయ్యడానికి ఒక్కరూ రాలేదు. గండయ్య దండలు తీసి సీటు మీద పడేసి ఇంటికి నడిచి పోయాడు.

సోమవారం సుభద్రమ్మ పదకొండు మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని నల్లగొండలో చేనేత శాఖ అధికారి దగ్గరికి పోయింది. అంతకుముందు మగవాళ్లు ఎంతో వినయంగా రాసిచ్చిన అర్జీలు రెండు ఆయన బల్ల మీదే ఉన్నాయి, వాటి మీద చాయ్ గ్లాసు మరకలతో సహా. ఈసారి ఆమె అర్జీ ఇవ్వలేదు, పెట్టె సంగతి చెప్పింది. ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఇంత మంచి కథ నిజమో కాదో చూద్దామని మర్నాడే సంఘం గోదాము తెరిపించాడు. ధర పెరిగేదాకా ఆగుదామని గండయ్య దాచిన నూలు బేళ్లు అక్కడ పైకప్పు దాకా ఉన్నాయి. అందరికీ పంచారు. రెండు నెలలు మగ్గాలు ఆడాయి. గండయ్య పదవికి మాత్రం ఏమీ కాలేదు. పోటీదారులు మెహమూద్‌ను కొనేశారని చెప్పుకు తిరిగాడు. ఆ పోటీదారులెవరో అతనూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

నూలు పంచిన కబురు కేతేపల్లికి ఐలేశమే తెచ్చాడు. చాయ్ తాగుతూ మొత్తం మళ్లీ మొదటినుంచి చెప్పి వెళ్లాడు. అతను పోయాక బషీరున్నీసా భర్తను, అంతసేపూ ఎకో ఎందుకు ఆపలేదని అడిగింది. తీగ ఊడితే చూస్తున్నానన్నాడు మెహమూద్. ఏ తీగ అంది. ఎర్రది అన్నాడు.

“మన సెట్టుల ఎర్ర తీగే లేదు,” అని ఆమె అతని గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసింది.