ముంజేతి మీద ముద్ర

మా అన్నయ్య బాక్సర్, నేను దర్జీని. ఇద్దరిదీ అచ్చు ఒకే పోలిక. పోయిన పోటీలో దెబ్బ తగిలి వాడి ఎడమకన్ను మసకబారింది. చూపు సరిగా లేనివాణ్ణి రింగులోకి దిగనివ్వకూడదని చట్టం. అందుకే పొద్దున వాడి కార్డు పట్టుకుని వైద్యపరీక్షకు నేను వెళ్ళాను. రోజూ సూదిలో దారం ఎక్కించే కళ్ళు, ఇట్టే పాసయ్యాయి.

కొత్త నిబంధన వచ్చిందని మా ఇద్దరు మేధావులకూ తెలియదు. సర్కారు డాక్టరు నా ముంజేతి మీద చెరగని సిరాతో ముద్ర గుద్దాడు. ఆ ముద్ర ఉన్నవాడే రింగు ఎక్కాలట. తడిపి అన్నయ్య చేతికి అద్ది చూశాం. అంటలేదు.

"తప్పుకుంటే లైసెన్సు పోతుందిరా. మొదటి దెబ్బకే పడిపో, చాలు," అన్నాడు అన్నయ్య, నా గ్లవుజుల తాళ్ళు బిగిస్తూ. తాడు దూర్చాల్సిన కన్నం వాడి ఒంటికంటి చూపుకు అందడం లేదు, తడుముకుంటున్నాడు. గోడ అవతల జనం ఈలలు వేస్తున్నారు. వాడు నా పళ్ళకు రబ్బరు తొడుగు బిగించాడు.

తనిఖీ అధికారి వచ్చి, టార్చి వేసి ముద్ర చూశాడు. ఇక దాచలేననిపించింది. నేను అన్నయ్యను కానని చెప్పబోయాను. రబ్బరు వెనక మాట మూలుగైపోయింది. దాన్ని లాగేద్దామంటే గ్లవుజుల్లో వేళ్ళు కదల్లేదు.

అధికారి నా భుజం తట్టాడు.

"భయపడకు బాబూ. ఈ రూల్సన్నీ మీ ప్రాణాల కోసమేగా."