తియ్యని పళ్లపొడి

"కాళ్లు పట్టుకో అక్కా, జర గట్టిగ పట్టుకో!"

తల్లి నఫీసా కేకకు మంగవ్వ పిల్లవాడి రెండు కాళ్లూ ఒడిసిపట్టుకుంది. ఐదేళ్ల జమీల్ దవాఖాన బల్లమీద విల్లులా వంగిపోతున్నాడు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా రిక్షాలో అలాగే కొట్టుకుంటూ వచ్చాడు. తండ్రి దిలావర్ పొద్దున్నే ఆటో తీసుకుపోయాడు, ఏ రోడ్డున ఉన్నాడో ఎవరికి తెలుసు? కష్టం వచ్చినప్పుడు గోడ పక్క మనిషే దిక్కు. ఆ గోడ పక్క మనిషి మంగవ్వ.

సూది పడ్డాక పిల్లవాడు సద్దుమణిగాడు. డాక్టర్ కమలకుమారి వాడి పెదవి ఎత్తి టార్చి వేసి చూసింది. చిగుళ్ల అంచున పెన్సిలుతో గీసినట్టు నీలపు గీత ఉంది.

"కడుపునొప్పి అంటున్నాడా? ఒంట్లో రక్తమే లేదు. ఇది సీసం విషమమ్మా. మీ ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని చేస్తారా? సీసం కరిగిస్తారా?"

"లేదు మేడం. మా ఆయన ఆటో నడుపుతడు," అంది నఫీసా.

"మరి వీడి నోట్లోకి ఎలా పోతోంది? మందు ఇస్తాను, ఒంట్లోది కొంత దిగుతుంది. కానీ అది ఎటునుంచి వస్తోందో కనుక్కుని ఆపండి. లేకపోతే ఈసారి నేనేం చెయ్యలేను."

మంగవ్వ నోరు తెరవలేదు. తెరవాల్సిన చోటే తెరవలేదు.

ఆమె భర్త మొగిలయ్య గల్లీ చివర రేకుల షెడ్డులో భట్టి వెలిగించి పాత కారు బ్యాటరీల సీసపు పలకలు కరిగిస్తాడు. రోజుకు పద్దెనిమిది రూపాయలు. కూలి పెంచమంటే సేఠు హనుమత్ ప్రసాద్ నవ్వి ఊరుకుంటాడు గానీ, భట్టి బూడిద మాత్రం ఎంత కావాలంటే అంత పట్టుకుపొమ్మంటాడు. పారబోయించే బండి కిరాయి తప్పుతుంది కదా, దానగుణం ఉప్పొంగుతుంది మరి! ఆ బూడిదను మంగవ్వ పాత చీరముక్కలో జల్లించి, ఇంత ఉప్పూ లవంగమూ నూరి కలిపి పళ్లపొడి చేసేది. ఉప్పు వేసినా అందులో ఏదో తీపి, అది సీసం తీపి అని అప్పుడెవరికి తెలుసు? వేపపుల్ల చూస్తే ఏడ్చే పిల్లలు దీన్ని వేలితో నాకేవాళ్లు.

మంగవ్వకు పిల్లలు లేరు. ఒకప్పుడు పొద్దున్నే ఆమె ఎదురుపడితే గల్లీ ఆడవాళ్లు ముఖం తిప్పుకునేవారు. "గొడ్రాలి మొఖం చూసినం, ఇయ్యాల ఏమైతదో" అని ఆమెకు వినపడేలాగే అనేవారు. పళ్లపొడి పుణ్యమా అని ఆ పోరు తీరింది. తెల్లారితే చాలు, పిల్లలంతా ఆమె గడప ముందే. అందరికంటే ముందు జమీల్. వాడికి ఆమె ఒక చిటికెడు ఎక్కువే వేసేది. ముద్దుకొద్దీ వేసింది.

సాయంత్రం భర్తకు చెప్పింది. అన్నం ముందు కూర్చున్న మొగిలయ్య తన చేతులకేసి చూసుకున్నాడు.

"నాకెర్కలేదే మంగీ. సేఠు ఎన్నడన్న చెప్పిండా?" గొంతు తగ్గించాడు. "పొడి ఇచ్చుడు బంద్ జెయ్. ఎందుకో మాత్రం చెప్పకు. ఎర్కైతే గల్లీ అంత భట్టి మీదికొస్తది. భట్టి పోతే మనమేం తింటం? నిన్ను సుత పిల్లల్ని మింగినదంటరు."

ఆ చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది. మర్నాటి నుంచి "పొడి అయిపోయింది బిడ్డా" అని పిల్లలను పంపేసింది. ఇళ్లలో దాచుకున్న పొడి సంగతి తలపుకు రానివ్వలేదు. ఆ వారమంతా నఫీసాకు దవాఖానకు అన్నం మోసింది. తప్పు చెయ్యని మనిషి అంత సేవ చెయ్యదు.

జమీల్ ఇంటికి వచ్చిన మరుసటి పొద్దున నఫీసా వాణ్ణి గడపలో కూర్చోబెట్టింది. పిల్లవాడు సగమయ్యాడు. ఆమె చేతిలో చిన్న రేకు డబ్బా.

"మొన్న నువ్విచ్చిన పొడే అక్కా, జరంత మిగిలింది. నోరంత చేదున్నదట, గిదే కావాలని ఒకటే ఏడుపు. నువ్వు లేకుంటే నా బిడ్డ దక్కకపోతుండె."

జమీల్ నాలుక చాపాడు. మంగవ్వ ఒక్క ఉరుకున పోయి డబ్బా మీద కొట్టింది.

"వద్దు! వెయ్యకు! అది భట్టి బూడిద. డాక్టరమ్మ చెప్పిన సీసం గదే. నేనే పెట్టిన నఫీసా."

బోరింగు దగ్గర బిందెలు ఆగిపోయాయి. భట్టికి బయలుదేరిన మొగిలయ్య గుమ్మంలో నిలబడిపోయాడు.

"మంగీ, లోపలికి రా."

"రాను," అంది మంగవ్వ. గల్లీ వైపు తిరిగి గొంతెత్తింది. "ఉన్న పొడంత పారబోయండ్రి! పిల్లల చిగుళ్లు చూడండ్రి. నీలం గీతుంటే దవాఖానకు తీస్కపోండ్రి!"

నఫీసా తిట్టలేదు. కొడుకును ఒళ్లోకి లాక్కుని చున్నీ కొసతో వాడి నోరు తుడుస్తూనే ఉంది.

"దవాఖానల నా పక్కనే ఉంటివి గదా అక్కా," అంది చివరికి.

మంగవ్వ వంగి గడప మీద ఒలికిన పొడిని చేత్తో ఊడ్చింది.

గల్లీలో ఒక్కొక్క తల్లీ బిడ్డ తల వెలుతురుకు తిప్పి పెదవి ఎత్తి చూసుకుంటోంది. ఎదురింటి ముంగిట్లోంచి "యెల్లమ్మ తల్లీ!" అని కేక వినపడింది. మంగవ్వ ఆత్రంగా అటు అడుగు వేసింది. ఆమెను చూసి ఆ తల్లి బిడ్డ ముఖం మీద కొంగు కప్పేసింది.